రంగు మీద వేసిన అతుకు

సంతోష్‌నగర్‌లో మా ఉస్తాద్ వెల్డింగ్ షాపులో ఆరేళ్ళు పనిచేశాను. ఆయన బార్కస్ బస్తీ మనిషి. మాట తక్కువ. నేను వేసిన ప్రతి అతుకునూ సుత్తితో కొట్టి, ఆ చప్పుడు విన్నాకే పని బయటికి పంపేవాడు.

తొంభైల చివర్లో ఒక శుక్రవారం ఒక ట్రాక్టర్ డ్రైవర్ వచ్చాడు. ట్రాక్టర్ ముందుండే లోడర్ బకెట్ పై అంచుకు రెండు కొక్కేలు అతికించాలి. వాటికి గొలుసులు తగిలించి మోరీలకు వేసే సిమెంటు పైపులు లేపుతాడట. ఉస్తాద్ సుద్దముక్కతో రెండు గుర్తులు పెట్టాడు.

"రంగు మొత్తం గీకు. ఇనుము తెల్లగ కనబడాలె, రంగు మీద అతుకు పట్టది," అని చెప్పి నమాజుకు వెళ్ళాడు.

ఒక గుర్తు దగ్గర గీకేసరికి గ్రైండర్ రాయి అరిగిపోయింది. కొత్తది తేవాలంటే రోడ్డు దాటి వెళ్ళాలి. నాకేమో మ్యాట్నీకి టైమవుతోంది. రెండో కొక్కేన్ని పసుపు రంగు మీదే పెట్టి అతికించేశాను. పైన నల్లరంగు పూస్తే రెండూ ఒక్కలాగే కనిపించాయి.

ఉస్తాద్ తిరిగొచ్చి సుత్తి అందుకున్నాడు. "మంచిగ గీకినవా?" అనడిగాడు.

"గీకిన ఉస్తాద్."

సుత్తి కింద పెట్టేశాడు. నా పనిని కొట్టి చూడకుండా వదలడం అదే మొదటిసారి.

నాలుగో రోజు డ్రైవర్ వాళ్ళన్న వచ్చి, ఊడిపోయిన కొక్కేన్ని మా ముందు విసిరికొట్టాడు. పైపు తమ్ముడి ఎడమ కాలి మీద పడిందట. దవాఖానలో రెండు వేళ్ళు తీసేశారట.

ఉస్తాద్ కొక్కేన్ని తిప్పి చూశాడు. అడుగున పసుపు రంగు పెచ్చు అంటుకొని ఉంది. నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"ఎవరు చేసిన్రు గిది?" అని గద్దించాడు డ్రైవర్ వాళ్ళన్న.

"నేనే. తప్పు నాదే భాయ్," అన్నాడు ఉస్తాద్.

డ్రైవర్ వాళ్ళన్న తిట్టిన తిట్లు గల్లీ అంతా విన్నది. అరవై ఏళ్ళ ఉస్తాద్ చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పక్కనే ఉండి కూడా నేను నోరు విప్పలేదు.

అతను వెళ్ళాక, "పో, రాయి కొనుక్కరా," అన్నాడు ఉస్తాద్. అంతే. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆ తర్వాత నన్ను ఏ పని గురించీ "మంచిగ చేసినవా" అని అడగలేదు.

కొన్నేళ్ళకు నేను సొంత షాపు పెట్టుకున్నాను. ఉస్తాద్ పోయాడు. ఆ తర్వాత ఒకరోజు అదే డ్రైవర్ కుంటుకుంటూ, విరిగిన గేటు ఆటోలో వేసుకొని నా షాపుకొచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు. పని మొదలుపెట్టబోయి, గ్రైండర్ పక్కన పెట్టి, జరిగిందంతా చెప్పేశాను.

అతను నావైపు తిరిగి అడిగాడు.

"ఆ పెద్దమనిషికి చెప్పినవా గీ మాట?"

"లేదన్నా. ఆయనకు తెలుసు. నేనే నోరు తెరిచి చెప్పలే."

"నేను దవాఖానల ఉన్నన్ని దినాలు టిఫిన్ డబ్బా తెచ్చిండు. నేను ఒక్కనాడు గూడ ఆయన మొఖం జూడలే. తిట్టి ఎల్లగొట్టిన."

గేటు మళ్ళీ ఆటోలో వేయించుకొని వెళ్ళిపోయాడు. ఆగమని అడిగే మొహం నాకు లేదు.