ఏడోవాడు కనబడేదాకా

"అవ్వా, నువ్వు రాకపోతే హాలు పెద్దాయన తాళం ఇయ్యడు."

"ఇయ్యకపోతే పీడా పోయింది. రాత్రిపూట పీనుగుల సినిమా ఏందే, ఆడపిల్లలు చూసేది?"

"పీనుగులు కాదవ్వా, జాంబీలు."

"చచ్చినోళ్ళు లేచి నడస్తారా, లేదా?"

"నడస్తారు."

"ఇంగేం మరి? పీనుగులే."

మనవరాలు మూతి ముడుచుకుంది. కాలేజీ పిల్లలతో కలిసి అది ఒక సినిమా క్లబ్బు పెట్టుకుంది. మా బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో గనివాళ్ళు కట్టుకున్న పాత హాలులో, రాత్రి తొమ్మిదిన్నరకు పాతకాలపు జాంబీ సినిమాలు రెండు వేస్తామని అందరికీ చెప్పేసింది. హాలు చూసుకునే పెద్దాయన ఒకటే షరతు పెట్టాడు. ఇంటి పెద్దావిడ ఒకరు చివరిదాకా కూర్చోవాలి. ఆమె సరేనంటేనే వచ్చే నెల కూడా హాలు. ఆ విధంగా క్లబ్బు బతుకు నా చేతిలో పడింది.

"వస్తాను. బాగలేకపోతే మాత్రం ఆయనకు ఉండేది ఉండేట్టు చెప్తా. ఆమీట నీ క్లబ్బూ లేదు, గిబ్బూ లేదు."

"ఇదేం న్యాయమవ్వా?"

"ముందు ఆ ఫ్యాను ఆర్పు, పో. ఎవరి కోసం తిరగతా ఉండాది?"

ఉడకబెట్టిన శనక్కాయలు టిఫిన్ డబ్బాలో పోసుకొని, కంబళి కప్పుకొని వెళ్ళాను. పాప్‌కార్న్ కొంటామన్నారు పిల్లలు. గాలిని నమలడానికి నాకు పళ్ళు ఎక్కువ లేవన్నాను.

మొదటి సినిమాకే సగం శనక్కాయలు అయిపోయాయి. రెండోదానిలో శ్మశానం నుంచి ఏడుగురు లేచారు. హాలంతా ఒకటే కేకలు. మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. నాకేమో భయమే పుట్టలేదు. బూడిద మొహాలు, ఒంటినిండా మట్టి, ఒకరి వెనక ఒకరు కాళ్ళీడ్చుకుంటూ నడక. మా ఆయన గనిలో రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చేది అచ్చం అలాగే. ఆయనకు వేడి సంగటి పెట్టేదాన్ని. వీళ్ళకు పెట్టే దిక్కు లేక మనుషుల మీద పడుతున్నారు, అంతే.

సినిమా అయిపోయింది. లైట్లు వేశారు.

"లే అవ్వా, పోదాం."

"యాడికి? ఏడుమంది లేచినారు. ఆరుమందే పడినారు. ఇంకొకడు యాడ?"

"సినిమా అవ్వా అది!"

"ఏదైతే ఏమి. లెక్క కుదరందే నేను లేచేది లేదు."

ఇది నా మొండితనం కాదు. గని నడిచే రోజుల్లో లోపల రాయి పగిలి భూమి అదిరిందంటే, గనివాళ్ళ ఇళ్ళ వరసలు, అదే మా లైన్లలోని ఆడవాళ్ళమంతా, గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. మా లైను నుంచి ఎంతమంది దిగారో అంతమందీ పైకి రావాలి. మొగుడు ముందే వచ్చినా సరే, ఆఖరివాడు కనబడేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. ఆ అలవాటు కళ్ళకు పట్టేసింది. మనుషులు వరుసగా నడిస్తే ఇప్పటికీ లెక్క పెడతాను.

ఈ సంగతి మనవరాలికి తెలుసు. దాని స్నేహితురాలికి తెలియదు.

"నేను పదిసార్లు చూసినానవ్వా. ఆరుమందే."

"అయితే పదిసార్లూ సరిగా చూడలేదు నువ్వు."

మనవరాలు లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళి సినిమాను వెనక్కి తిప్పింది. బయటికి పోతున్న వాళ్ళు కూడా వెనక్కొచ్చి నిలబడ్డారు. శ్మశానం సీను రాగానే అందరూ కలిసి గట్టిగా లెక్క పెట్టారు. ఏడు! ఆ ఏడోవాడు టోపీ పెట్టుకున్న లావుపాటివాడు. సినిమా ఆఖర్న ఇల్లు తగలబడేముందు ఆ ఇంటి తలుపు వెనక్కి దూరాడు. మంటల్లో వాడి బూటు ఒక్కటే ఒక్క క్షణం కనబడింది. పిల్లలు ఈలలు వేశారు.

"వాడూ పోయినాడు పాపం," అని అప్పుడు లేచాను.

దారిలో మనవరాలు నా పక్కనే నడిచింది. "పెద్దాయనకు ఏం చెప్తావవ్వా?"

"తెల్లారనీ. ఆ టార్చి ఆర్పు, వీధిలైటు ఉండాది కదా."

పొద్దున పాలకు పోతూ హాలు దగ్గర ఆగాను. పెద్దాయన లోపల ఊడుస్తున్నాడు.

"చివరిదాకా కూర్చున్యానప్పా. వచ్చే నెల కూడా పిల్లోళ్ళకు ఇయ్యి," అన్నాను.

ఆయన సరేనని, నేను కుర్చీ కింద మరిచిపోయిన టిఫిన్ డబ్బా తెచ్చి ఇచ్చాడు. మూత కూడా ఉందో లేదో చూసుకొని పాలకు వెళ్ళాను.