బాపు అతికిన రిమోట్లు

మా తమ్ముణ్ణి ఒక్కసారైనా ఓడించాలన్నది నా జీవితాశయం. పెద్ద పెద్ద ఆశయాలున్నవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ. చిన్నప్పుడు చొప్పదండిలో మా ఇంట్లో టీవీకి తగిలించే వీడియో గేమ్ ఒకటుండేది. నల్ల డబ్బా ఒకటి, దానికి ఇద్దరాడుకోవడానికి రెండు జాయ్‌స్టిక్కులు. ఒక్కోదానికి ఒక పుల్ల, ఒక ఎర్ర బటన్. మేం వాటిని రిమోట్లనే వాళ్లం. బడి నుంచి వచ్చీ రాగానే మొదటి ఆటగాడి రిమోట్ వాడు లాక్కునేవాడు, నాకు రెండోది మిగిలేది. వాడు గెలవడం, గెలిచి నా చుట్టూ ఎగరడం, నేను వాడి వీపు మీద ఒక్కటివ్వడం, ఇదంతా ఏళ్ల తరబడి ఒక పద్ధతి ప్రకారం సాగింది. ఇప్పుడు వాడికి శ్రీరాంపూర్‌లో ఉద్యోగం, నెత్తి మీద జుట్టు కూడా పలచబడింది. అయినా ఫోన్ చేస్తే "ఏం అక్కా, ఓడిపోయినోళ్లు మంచిగున్నరా?" అనే మొదలుపెడతాడు.

పోయినేడు కరీంనగర్‌లో పాత సామాన్లు అమ్మే ఒక కబాడీ దుకాణంలో నాకు పాతకాలపు కంప్యూటర్ ఒకటి దొరికింది. కీబోర్డు లోపలే కంప్యూటరంతా ఇమిడి ఉండే రకం, దాన్నీ టీవీకే తగిలించాలి. దాంతోపాటు ట్యాంకుల ఆట కూడా వచ్చింది. సందుల్లో రెండు ట్యాంకులు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ తిరిగి పేల్చుకోవాలి, అంతే. మా తమ్ముడు ఎన్నడూ ఆడని ఆట! ఇక ఆగుతానా? వచ్చే నెల నాటుకోడి కూర వండుతాను రమ్మని వాడికి అప్పుడే చెప్పేశాను.

చిక్కల్లా రిమోట్లతోనే వచ్చింది. కంప్యూటర్‌తో వచ్చిన రెండింటి పుల్లలూ మొదలంటా విరిగి ఉన్నాయి. అటక మీంచి మా పాత వీడియో గేమ్ రిమోట్లు దింపాను. అవి గుండ్రాళ్లలా ఉన్నాయి, చెక్కు చెదరలేదు. వాటి ప్లగ్గు కంప్యూటర్‌లో టక్కున కూర్చుంది కూడా. కానీ పుల్లను ఎంత తోసినా ట్యాంకు కదల్లేదు. రెండు కంపెనీలవాళ్లూ ఒకే ఆకారం ప్లగ్గు పెట్టి, లోపల తీగల్ని మాత్రం ఎవరికి తోచిన వరుసలో వాళ్లు కలుపుకున్నారు. అందుకని విరిగిన రిమోట్ల ప్లగ్గులు కోసి వీటికి అతకాలనుకున్నాను. ఏ తీగ దేనికో పరీక్షించి మరీ అతకాలి కాబట్టి, తీగలు కోసి, తొక్కలు తీసి బల్ల మీద పెట్టి, మిగతాది సెలవు రోజు చూద్దామని ఆఫీసుకు పోయాను.

సాయంత్రం వచ్చేసరికి పని అయిపోయింది.

"గింత దానికి ఐతారం దాక ఎందుకు బిడ్డా? నేనే అతికిన," అన్నాడు బాపు.

మేం నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. అవ్వ పోయినప్పటి నుంచి బాపు నా దగ్గరే ఉంటున్నాడు. జీవితమంతా మరమగ్గాల షెడ్డులో పనిచేసిన మనిషి. పాత పడుగు అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగు కొస అతుకుతారు. ఎరుపుకు ఎరుపు, తెలుపుకు తెలుపు. రంగు తప్పితే చీర అంచు చెడిపోతుంది. ఇక్కడా ఆయన అదే చేశాడు. రెండు రిమోట్లకూ ఎర్ర తీగకు ఎర్ర తీగ, నీలానికి నీలం కలిపి, వేటికవి టేపు చుట్టి, చేతికి అతుకన్నదే తగలనంత నున్నగా చేసి పెట్టాడు.

కానీ చీరల షెడ్డుకున్న బుద్ధి ఆ కంపెనీలకు లేదు. ఒకరి ఎరుపు ఇంకొకరికి ఎరుపు కాదు. పుల్లను పైకి తోస్తే ట్యాంకు ఎడమకు పోయింది. ఎడమకు తోస్తే కిందికి, కిందికి తోస్తే పైకి. కుడికి తోస్తే గుండు పేలింది. పేల్చే బటన్ నొక్కితే బండి బుద్ధిగా కుడికి నడిచింది.

"ఎట్లున్నది?" అని బాపు నా ముఖంలోకి చూశాడు. షెడ్డు మానేశాక ఆయన చేతికి పని తగిలి చాలా కాలమైంది. ఆ ముఖం చూస్తూ తప్పని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

"మస్తున్నది బాపూ," అన్నాను.

ఆ మాట అన్న మరుక్షణమే నా బుర్రలో ఇంకో ఆలోచన పుట్టింది. అది అంత మంచి ఆలోచన కాదు. రిమోట్లు రెండూ ఒకేలా తప్పుగా ఉన్నాయి. నాకు నెల రోజుల టైముంది. తమ్ముడికి ఈ సంగతే తెలియదు.

రోజూ ఆఫీసు నుంచి రాగానే సాధన మొదలుపెట్టేదాన్ని. మొదటి వారం గోడలకు గుద్దుకోవడంతోనే సరిపోయింది. తర్వాత చేతికి అలవాటైంది. ఎంత అలవాటైందంటే, ఒకసారి స్కూటీ మీద కుడికి తిరగాల్సిన మలుపులో హారన్ నొక్కుకుంటూ నేరుగా వెళ్లిపోయాను.

నెల గడిచాక ఒక ఆదివారం తమ్ముడు వచ్చాడు. చెప్పులు విప్పకముందే మొదటి రిమోట్ అందుకున్నాడు. నేను చాలా మర్యాదగా రెండోది తీసుకున్నాను. ఆట మొదలైన క్షణం నుంచీ వాడి ట్యాంకు గోడకు తల బాదుకుంటోంది. నేను తాపీగా వచ్చి పేల్చడం, వాడు మళ్లీ పుట్టి మళ్లీ గోడను గుద్దుకోవడం.

"అరె, గిదేంది! మీదికి అంటే పక్కకు పోతున్నది!"

"కొత్త ఆట గదరా. జర అలవాటు కావాలె."

"నీ రిమోట్ నాకియ్యి!"

ఎంతో ప్రేమగా ఇచ్చాను. అదీ అలాగే పరేషాన్ చేసింది. చివరికి చిత్తుగా ఓడిపోయాడు. నేను లేచి సోఫా చుట్టూ ఎగిరాను, ఈ వయసులో మోకాళ్లు ఒప్పుకున్నంత ఎత్తు. అంత సంతోషం ఎన్నేళ్లకు కలిగిందో నాకే తెలియదు.

వాడు ఊరుకునే రకమా? వైరు పట్టుకుని తడుముతూ పోయి టేపు చుట్టిన చోటు దొరకబుచ్చుకున్నాడు. "గా గెలుపు చెల్లదు! తీగలన్ని ఉల్టా ఉన్నయ్. ఎవడతికిండు దీన్ని? మంచిగ అతికి మళ్ల ఆడుదాం," అని టేపు కొస గోటితో లేపబోయాడు. మళ్లీ ఆడితే నా పని అయిపోయినట్టే. సరిగ్గా ఉన్న రిమోట్‌తో ఆడడం నాకిప్పుడు చేతకాదు.

అప్పుడే బాపు సర్వపిండి పళ్లెంతో వంటింట్లోంచి వచ్చాడు.

"నేనే అతికిన. ఏమైందిరా?"

తమ్ముడి గోరు టేపు మీదే ఆగిపోయింది. నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. బాపు పళ్లెం పక్కన పెట్టి, రిమోట్ తీసుకుని, లేచిన టేపు కొసను బొటనవేలితో మళ్లీ అదిమాడు.

"అతుకు మంచిగ లేదా?"

నోట్లో మాట ఆగని మా తమ్ముడు సర్వపిండి ముక్క ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"మంచిగనే ఉన్నది బాపూ," అన్నాడు చివరికి. "రిమోట్ల ఏం ఖరాబు లేదు."

"గట్లనా," అని బాపు రిమోట్‌ను వాడి ఒళ్లో పెట్టాడు. "అయితే నువ్వే ఓడిపోయినవురా."