క్రీము బాబాయ్ సొంత వాక్యం

ఆ బేకరీలో అందరూ అతన్ని క్రీము బాబాయ్ అనే పిలుస్తారు. యాభై దాటిన మనిషి. కేకుల మీద అక్షరాలు రాయడమే ఉద్యోగం. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరి పెళ్ళయినా, ఎవరు పరీక్ష గట్టెక్కినా ఆ సంబరం మనవాడి చేతిమీదుగా పోవాల్సిందే. అంతమంది సంతోషం రాశాడు గానీ, నీకేం కావాలయ్యా అని అడిగితే మాత్రం నీళ్ళు నమిలేవాడు. ఏది పెడితే అది తినేవాడు, ఏది కొనిస్తే అది తొడుక్కునేవాడు. నోట్లో నాలుక లేని మనిషని ఇంట్లో చెల్లెలు తిట్టి తిట్టి అలిసిపోయింది.

పొద్దున్నే పనిలోకి దిగేముందు చెయ్యి కుదురుకోవడానికి స్టీలు బల్ల మీద క్రీముతో ఒక వరస రాసి, రేకుముక్కతో గీకెయ్యడం అతని అలవాటు. ఏళ్ళ తరబడి ఒకటే మాట: పుట్టినరోజు శుభాకాంక్షలు. ఒకరోజు ఏం బుద్ధి పుట్టిందో, "నా మోకాలు నొప్పిగా ఉంది" అని రాశాడు. రాసి, చూసుకుని, కిసుక్కున నవ్వాడు. తన గురించి తాను రాసుకున్న మొట్టమొదటి వాక్యం అది! మోకాలి గురించైతే ఏం, సొంతది కదా!

ఇక పట్టపగ్గాల్లేవు. రోజుకో వాక్యం. "నాకు అనాసపండు కేకంటే అసహ్యం." అయ్యబాబోయ్, ఇన్నేళ్ళుగా మిగిలిందల్లా తింటూనే వచ్చాడే! "నాకు పసుపు చొక్కా కావాలి." సాయంత్రానికల్లా కొనేశాడు, చూస్తే కళ్ళు జిగేల్మనేది. "నాకు పాడాలనుంది." పాడాడు. బేకరీ యజమాని పాపం, పొయ్యి దగ్గర ఏదో పేలబోతోందనుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అన్నయ్యా, నీకేమైనా ఎండదెబ్బ తగిలిందా?" అంది చెల్లెలు, ఆ చొక్కా చూసి.

"లేదమ్మా! నాకూ ఇష్టాలున్నాయి. నిన్నమొన్నటిదాకా తెలీలేదు."

"ఉంటే ఉన్నాయి గానీ, మరీ ఆ రంగేంటి!"

అలా గాల్లో తేలిపోతూ తిరుగుతున్నవాడు ఒక పొద్దున "గుడ్లావిడ రాని రోజు నాకు పొద్దుపోదు" అని రాసి, అక్కడికక్కడే కొయ్యబారిపోయాడు. గుడ్లావిడంటే వారానికి మూడుసార్లు బేకరీకి గుడ్లు తెచ్చే ఆవిడ. భర్త పోయి చాలాకాలమైంది. వ్యాను తనే నడుపుతుంది, నవ్విందంటే వీధి చివరికి వినబడుతుంది. ఇన్నాళ్ళూ ఆవిడతో అతను అన్నదల్లా "ఇక్కడ పెట్టండి", "రెండు పగిలాయండీ", అంతే. "ఓరి నీ దుంపతెగ!" అని తనని తానే తిట్టుకుని గబగబా గీకేశాడు. బల్ల శుభ్రమైంది గానీ ఆ వాక్యం బుర్రలోంచి చెరగలేదు.

ఈ మాట ఆవిడకి చెప్పాలి. చెప్దామని నోరు తెరవడం, "ఇవాళ ఒక్కటీ పగల్లేదండీ" అనడం, ఇదీ వరస. ఈలోగా పిడుగులాంటి కబురు. ఆవిడకి ఊరి అవతల పెద్ద గిడ్డంగిలో ఉద్యోగం దొరికిందట, శుక్రవారంతో గుడ్ల పని మానేస్తుందట. గుడ్ల కంపెనీలో ఆవిడ తోటివాళ్ళు వీడ్కోలు కేకు ఇక్కడే చెయ్యమన్నారు. పైన "కొత్త ఉద్యోగానికి శుభాకాంక్షలు" అని రాయాలి.

రాత్రంతా నిద్రపట్టక, శుక్రవారం బాబాయ్ ఆలస్యంగా వచ్చాడు. కేకు కోసం మనిషి అప్పటికే గుమ్మంలో కాచుకుని ఉన్నాడు. బల్ల మీద రాసుకునే తీరికేదీ? క్రీము కోను పట్టుకుని నేరుగా కేకు మీదే రాసేసి, పెట్టె మూసి ఇచ్చేశాడు. కేకు తీసుకుని ఆ మనిషి వెళ్ళాక, ఇవాళ్టి సొంత వాక్యం బాకీ ఉందే అనుకుంటూ బల్ల ముందు నిలబడ్డాడు. ఒక్క ముక్కా తోచలేదు. అప్పుడు వెలిగింది. ఇవాళ్టిది రాసేశాడు, కేకు మీదే రాసేశాడు! "వెళ్ళకండి" అని. పైగా కింద ఒక పువ్వు కూడా పెట్టాడు.

మధ్యాహ్నం వ్యాను కీచుమంటూ ఆగింది. గుడ్లావిడ పెట్టె పట్టుకుని లోపలికొచ్చింది.

"ఎవరండీ ఇది రాసింది?"

యజమాని పెట్టెలోకి తొంగిచూసి నోరెళ్ళబెట్టాడు. "అయ్యో, పొరపాటు జరిగిందమ్మా..."

"మీరాగండి. మా వాళ్ళందరూ పాపం మా కంపెనీలో లెక్కలు రాసే ఆయన్ని అనుమానించారు. నేను కాదు మొర్రో అని ఆయన ఒకటే మొత్తుకోవడం!"

"కొత్తది చేసిస్తానండీ" అనే మాట బాబాయ్ నాలుక మీద సిద్ధంగానే ఉంది. అది అనేస్తే గొడవ వదిలిపోతుంది. ఆవిడా వెళ్ళిపోతుంది. చేతిలో కోను పక్కన పెట్టేశాడు.

"నేనేనండీ. పొరపాటునే రాశాను. కానీ నిజమే రాశాను."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వింది, వీధి చివరిదాకా వినబడేలా.

"వెళ్ళకుండా ఎలాగండీ? జీతం ఎక్కువ, బరువులు మొయ్యక్కర్లేదు. వెళ్ళి తీరతాను."

"అవునండీ మరి," అన్నాడు బాబాయ్, మొహం చిన్నబోయి.

"ఉద్యోగానికి వెళ్తానన్నాను గానీ, ఇక్కడికి రాననలేదు కదా. ఆదివారం ఖాళీయే నాకు. ఆ పసుపు చొక్కా వేసుకుని ఉండండి, మీకు బాగుంటుంది." పెట్టె బాబాయ్ ముందుకి జరిపి చూపించింది. కేకంతా అయిపోయింది. అక్షరాలున్న ముక్క మాత్రం పువ్వుతో సహా అలాగే ఉంది. "దీన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు," అంది.

మర్నాడు యజమాని వచ్చేసరికి బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకి తాటికాయంత అక్షరాలున్నాయి: "రేపు ఆవిడ వస్తుంది."

"బాబాయ్, ఇది గీకెయ్యనా? పిండి కలుపుకోవాలి."

"పక్కన కలుపుకోండి బాబూ," అన్నాడు క్రీము బాబాయ్. "చెయ్యి తగలనివ్వకండి, చెరిగిపోతుంది."