సుధాకర్ ఆకుపచ్చ చుక్కను నమ్మలేదు

నిన్న పొద్దున ఫోన్ వస్తే కట్ చేసేశాను.

అవతల మా సుధాకర్ భార్య పద్మ గొంతు. "అత్తమ్మా, ఆయన పోయిండు" అని ఏడుపు. ఈ రోజుల్లో గొంతులు కూడా దొంగిలించి ఫోన్లు చేస్తున్నారట కదా. ఫ్రాడ్ కాల్ అనుకున్నాను. మళ్లీ వచ్చింది. మళ్లీ కట్ చేశాను.

చివరికి పద్మ తమ్ముడే బండి మీద నాంపల్లి వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు.

అతని ముఖం చూశాక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు.

నిద్రలోనే గుండె ఆగిందట.

సుధాకర్ నా చెల్లెలి కొడుకు. నాకు అక్షరం రాదు, నేను చెబుతుంటే మనుమరాలు కీర్తి టైప్ చేస్తోంది. అయిపోయాక మొత్తం చదివించుకుంటాను, ఒక్క మాట తగ్గినా ఊరుకోను. ఎందుకంటే నిన్న శవం ఇంట్లో ఉండగానే వాడి మీద ఒక మాట పడింది. ఆ మాట మనవాళ్లలో నిలవకూడదు.

వాడిది అబిడ్స్‌లో ఒక చిన్న ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పని. లిఫ్ట్‌లో ఒక బోర్డు ఉంటుంది. ఎక్కడ ఆగాలి, తలుపు ఎప్పుడు తీయాలి, ఇవన్నీ ఆ బోర్డుకు చెప్పే సాఫ్ట్‌వేర్ వీళ్లు రాస్తారు. అందులో ఏది మార్చినా కంప్యూటర్ మొత్తాన్ని మళ్లీ కూర్చి పరీక్షలు పెడుతుంది. దాన్ని బిల్డ్ అంటారట. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిస్తే ఒక్కో బిల్డ్‌కు ఒక్కో వరుస కనబడుతుంది. బాగుంటే ఆకుపచ్చ చుక్క, చెడితే ఎర్ర చుక్క.

ఆ పేజీ మొదటిసారి చూసి నేను సట్టా పందెం అనుకున్నాను.

ఆఫీసుకు దగ్గరని మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికే వచ్చేవాడు. ఒక చేత్తో అన్నం, ఇంకో చేత్తో ల్యాప్‌టాప్. ఒక్కో చుక్కనూ నొక్కడం, లోపల ఉన్న రాతంతా చదవడం. ఓ రోజు ల్యాప్‌టాప్ టప్పున మూసేసి, ఏ ఆటలో పెడుతున్నావురా అని నిలదీశాను.

నవ్వాడు. "ఇడ్లీ గిన్నెల ఆవిరి రాంగనే దించుతవా పెద్దమ్మా? మూత తీసి, గుచ్చి చూస్తవు కదా. గిది గూడ గంతే."

సరే అన్నాను గానీ నమ్మలేదు. బాగుందని చుక్క చెబుతుంటే గుచ్చి చూడడం దేనికి? మిగతా వాళ్లంతా చుక్క చూసి లేచి పోతారని వాడే చెప్పాడు. వీడొక్కడే వెనకబడతాడని ఆఫీసులో ప్యాసింజర్ బండి అని పేరు కూడా పెట్టారు.

అసలు సంగతి మొజంజాహీ మార్కెట్ దగ్గర తెలిసింది. పచ్చడికి పండుమిర్చి ఏరమంటే సంచిలో సగం పచ్చిమిర్చి వేశాడు. బద్ధకం అనుకున్నాను. తర్వాత అనుమానం వచ్చి, ఒకటి ఇది, ఒకటి అది పట్టుకుని వాడి కళ్ల ముందు పెట్టాను.

"రెండూ ఒక్కతీరే కనబడతయి పెద్దమ్మా. ఆఫీసుల ఎవ్వరికీ చెప్పకు. రంగు తెల్వనోడికి గీ పని ఎందుకంటరు."

చెప్పనని మాటిచ్చాను. అప్పుడు అర్థమైంది. చుక్క వాడికి ఏమీ చెప్పదు. అందుకే ప్రతిదాని లోపలికీ వెళ్లి చదువుకునేవాడు.

నిన్న మధ్యాహ్నం సుధాకర్ ఇంటికి ఆఫీసు వాళ్లు వచ్చారు. మేనేజర్ శాలువా తెచ్చాడు. గేటు దగ్గర నిలబడి ఎవరితోనో మెల్లగా అంటున్నాడు. పాపం, ఈ మధ్య సుధాకర్‌కు తల సరిగా పనిచేయడం లేదట. మంచి గ్రీన్ బిల్డ్‌ను లిఫ్ట్‌కు పంపకుండా ఆపేసి కూర్చున్నాడట. ఆ సాయంత్రం తనే పంపించేస్తాడట.

నా చెవులు ఇంకా బాగానే ఉన్నాయి.

శవం లేవకముందే అంత తొందరేమిటి? ఎదురుగా వెళ్లి నిలబడి, ఆ పేజీ ఫోన్‌లో తెరవమన్నాను. ఇప్పుడెందుకమ్మా, అది గ్రీన్‌లోనే ఉంది అన్నాడు.

అక్కడ నేను మాట తప్పాను. వాడికి ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదని నలుగురిలో చెప్పేశాను.

"మీకు సుక్క కనబడ్డది, ఊకున్నరు. వానికి కనబడలే, లోపలికి పోయి సదివిండు. నువ్వు గూడ సదువు. అందరికి ఇనబడాలె."

ఆయన చుక్క నొక్కి చదవడం మొదలుపెట్టాడు. మొదట గట్టిగానే చదివాడు. పోనుపోను గొంతు తగ్గింది. నాకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పమన్నాను.

తలుపు మూసుకునేటప్పుడు మధ్యలో చెయ్యి ఉంటే తలుపు ఆగాలి. ఆ ఒక్క పరీక్షను కంప్యూటర్ పెట్టకుండా దాటేసింది. పరీక్షే పెట్టకపోతే ఫెయిల్ ఎక్కడ ఉంటుంది? అందుకే చుక్క ఆకుపచ్చగా వచ్చింది.

"సుధాకర్ చెప్పిండమ్మా. నేనే ఇనలే" అన్నాడు మేనేజర్.

పంపనని చేతులు జోడించాడు. నాకు ఆ చేతుల మీద నమ్మకం లేదు. అందుకే ఇది ఇక్కడ, నెట్‌లో పెట్టిస్తున్నాను. ఆ ఆఫీసు వాళ్లు కూడా ఇది చూస్తారని కీర్తి అంటోంది. చూడండి. అదేదో కొత్త అపార్ట్‌మెంట్ లిఫ్ట్ అట, అందులో చిన్నపిల్లలు ఎక్కుతారు. ఆ పరీక్ష పెట్టండి, లోపలికి పోయి చదవండి, అయ్యాక వచ్చి పద్మకు చెప్పండి.

మనవాళ్లలో ఎవరైనా సుధాకర్‌కు చివర్లో మతి చెడిందంటే, వాళ్లను నా దగ్గరికి పంపండి.

సుధాకరూ, నీ గుట్టు బయటపెట్టాను. కోపముంటే ఉండనీ.

ఆ మేనేజర్ తెచ్చిన శాలువా ఆకుపచ్చది. నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మడత విప్పించి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూశాను. ఎక్కడా చిరుగు లేదు.

అప్పుడే నీ మీద కప్పనిచ్చాను.

పోయిరా బిడ్డా. ఇక చదవాల్సింది ఏమీ లేదు, చల్లగా పడుకో.