సక్కుబాయి కట్టుకుపోయిన చీర

షిఫ్టు మారే వేళ, డ్యూటీలు వేసే కొండల్ లాకర్ల గదిలో నిలబడి చెప్పిన మాట అందరి చెవినా పడింది. దాన్ని మనసులో పెట్టుకున్నది మాత్రం సక్కుబాయి ఒక్కతే.

"సూపర్‌వైజర్ పోస్టుకు మనోళ్లల్ల ముగ్గురిని పిలిచిన్రు. సక్కుబాయక్క, రుక్మిణమ్మ, మధు. బుధవారం ఆఫీసుల ఇంటర్వ్యూ. ముగ్గురు గుడ యూనిఫాంలనే రావాలె. బయటికెల్లి వచ్చేటోళ్లు ఫార్మల్స్‌ల వస్తరు, వాళ్ల సంగతి వేరే."

"ఎందుకు సారు?" అంది సక్కుబాయి.

"ఎందుకంటే ఏం చెప్పాలక్కా. ఎవలు మనోళ్లో ఎవలు బయటోళ్లో చూస్తనే తెల్వాలె గద."

రుక్మిణమ్మ నవ్వి ఊరుకుంది. మధు తన లాకరు తాళం వేసుకుని వెళ్లిపోయాడు. సక్కుబాయి కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. వీపు మీద కాంట్రాక్టు కంపెనీ పేరు పెద్దక్షరాల్లో కనిపించే బూడిదరంగు కోటు. దాని కింద అదే రంగు ప్యాంటు. విమానాశ్రయం తెరిచిన ఏడాదే ఆమె అక్కడ శుభ్రం చేసే పనిలో చేరింది. అప్పటి నుంచి ఆ కోటు ఒంటిమీద లేని పనిరోజు లేదు.

ఆమెది విమానాశ్రయం దగ్గరి మంఖాల్ ఊరు. పదో తరగతి పాసైన ఎండాకాలంలోనే పెళ్లయింది. భర్త కుర్మయ్యకు కొంత చెలక ఉంది, కూరగాయలు వేస్తాడు. కూతురు కవిత కాలేజీకి వచ్చే వయసులో, దాని పుస్తకాలు ముందేసుకుని తనూ దూరవిద్యలో డిగ్రీ కట్టింది సక్కుబాయి. ఊళ్లో కొందరు నవ్వారు. పరీక్ష హాల్లో ఆమెను చూసి మీ అమ్మాయి ఏ గదిలో రాస్తోందని అడిగిన వాళ్లూ ఉన్నారు. మొత్తానికి పాసైంది. ముప్పై ఆరేళ్ల వయసులో చేతికొచ్చిన ఆ పట్టాను చూసుకునే ఈ పోస్టుకు పేరిచ్చింది.

కోటంటే ఆమెకు అసహ్యమేమీ లేదు. మొదటి రోజుల్లో అది వేసుకుని ఊళ్లో కంపెనీ బస్సు దిగుతుంటే గొప్పగానే ఉండేది. ఆ గొప్ప పోయింది మొన్న చలికాలంలో. చెల్లెలి మొగుడు యాదయ్య దుబాయి పనికి పోతూ విమానాశ్రయానికి వచ్చాడు. ఏటా బోనాలకు ఆమె ఇంటికొచ్చి, ఆమె చేతి కూర మళ్లీ మళ్లీ వేయించుకుని తిని, నోరారా వదినా అని పిలిచే మనిషి. ఆ రోజు ఆమె నేల తుడుస్తుంటే దగ్గరికొచ్చి, "అమ్మా, బాత్రూం ఎటుదిక్కు?" అని అడిగాడు. సక్కుబాయి తలెత్తి, ముఖంలోకి చూసి, చేయి చూపించి దారి చెప్పింది. తల ఊపి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేటప్పుడూ ఆమె పక్కనుంచే నడిచాడు.

ఆయనకు పొగరు లేదు, కొత్త చోట కంగారులో ఉన్నాడు, అంతే. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆయన కంటికి కోటు కనబడింది, లోపలి మనిషి కనబడలేదు. సొంత మరిదికే కనబడనిది, ముక్కూమొహం తెలియని సార్లకు ఏం కనబడుతుంది? కొండల్ మాట విన్నప్పుడు ఆమెకు గుర్తొచ్చింది అదే. తాను ఎవరో చెప్పుకోవడానికి పోయే ఒక్క రోజున కూడా ఆ కోటులో పోవాలా?

ఇంటికొచ్చి చెప్తే కుర్మయ్య బీరకాయలు గోనెసంచికి ఎత్తుతూ విన్నాడు.

"వాళ్లు చెప్పినట్టు పోతె ఏం వోతది నీది? నౌకరి ముఖ్యమా, బట్టలు ముఖ్యమా?"

"నౌకరే ముఖ్యం. అందుకే అడుగుతున్న. బయటోళ్లు మంచిగ తయారై వస్తరట. మేము నేల తుడిచే పోచ పట్టుకోని వచ్చినట్టు పోవాల్నట. ఇగ సూసేటోళ్లకు ముందే తెల్సిపోతది గద, ఎవలిని కూసోవెట్టాల్నో ఎవలిని నిలవెట్టాల్నో."

"కొండల్‌తోని లొల్లి వెట్టుకోకు. రేపు డ్యూటీలు ఏసేది వాడే."

"నేను లొల్లి వెడ్తలేను. నా బట్టలు నేను కట్టుకుంటనంటున్న."

కవిత మాత్రం తల్లి పక్కే. కాకపోతే దాని సలహా వేరు. "నా దోస్తు సింధు దగ్గర ప్యాంటు, కోటు ఉన్నయమ్మా. వాళ్లక్క బ్యాంకుల చేస్తది. అడిగి తెస్త. ఫార్మల్స్ అంటె అవే."

తెచ్చింది కూడా. సక్కుబాయి తొడుక్కుని అద్దంలో చూసుకుంది. బాగానే ఉంది, ఒంటికి సరిపోయింది. చాలాసేపు అటూ ఇటూ తిరిగి చూసుకుని విప్పేసింది.

"మంచిగనే ఉంది బిడ్డా. కని ఒకరి కోటు ఇప్పి ఇంకొకరి కోటు ఏసుకున్నట్టైతది. నాది నాకు గావాలె."

తనది ఏదో తేల్చుకోవడమే కష్టమైంది. పెట్టె తెరిస్తే పైన పట్టుచీర. అది కట్టుకుంటే పెళ్లికొచ్చినట్టే ఉంటుంది. దాని కింద చుట్టాలు పెట్టిన మెరుపుల చీరలు. అడుగున చెలకలోకి కట్టుకునేవి. పెళ్లికీ చెలకకూ మధ్య మనిషి ఎక్కడికైనా పోవాల్సి వస్తుందని ఆ పెట్టె ఎప్పుడూ అనుకున్నట్టు లేదు.

మరునాడు డ్యూటీ దిగి ఇంటికి రాకుండా శంషాబాద్ బజారుకు పోయింది. బట్టల దుకాణం సోమయ్య ఆమెను చూడగానే అలవాటుగా రాళ్ల పని చీరలు నాలుగు పరిచాడు.

"గివి వద్దు. టీచరమ్మలు కట్టుకునేటియి సూపియ్యి."

"ఎవలికక్కా, పెట్టుపోతలకా?"

"నాకే."

సోమయ్య ఒకసారి ఆమెను చూసి, పరిచినవి పక్కకు తోసి, లోపలి అరలోంచి నూలు చీరలు తెచ్చాడు. ముదురాకుపచ్చది, సన్నటి మెరూన్ అంచుది పట్టుకుని ఆమె దుకాణం బయట ఎండలోకి వచ్చింది. రంగు అక్కడా అలాగే ఉంది. అది తీసుకుంది. రవిక దర్జీ బిక్షంకు ఇస్తూ చేతులు మోచేతుల దాకా ఉండాలని చెప్పింది. కాళ్లకు కూడా కంపెనీ నల్లబూట్లు వద్దని కొత్త చెప్పులు కొనుక్కుంది. మంగళవారం పొద్దున చీరకు గంజి పెట్టి ఆరేస్తే కుర్మయ్య వచ్చి రెండో కొస పట్టుకుని లాగాడు. ఇస్త్రీ కవిత చేసింది. కుచ్చిళ్లు జారకుండా పిన్ను ఎక్కడ పెట్టాలో తల్లీకూతుళ్లు అరగంట వాదించుకున్నారు.

ఆఫీసు హైవే పక్కన మూడంతస్తుల బిల్డింగులో ఉంది. రెండో అంతస్తులో మెట్ల దగ్గర కొండల్ కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెను మొదట పోల్చుకోలేదు. పోల్చుకున్నాక ముఖం మాడ్చుకున్నాడు.

"యూనిఫాం ఏదక్కా?"

"ఇంట్ల ఉంది. ఇయ్యాల నాకు వీక్లీ ఆఫ్."

"ఆఫ్ అయితె ఏంది? మొన్న అందరి ముంగట చెప్పిన గద."

"డ్యూటీ ఉన్ననాడు ఏసుకుంట సారు. ఇయ్యాల డ్యూటీ లేదు."

"గిట్లైతె లోపలికి పంపియ్య."

"పంపకు. నీ కాగితంల నా పేరుంది. వాళ్లు పిలుస్తరు, అప్పుడు నువ్వే చెప్పు, ఎందుకు పంపలేదో."

అని పోయి కుర్చీలో కూర్చుంది. కుచ్చిళ్లు సర్దుకుని చుట్టూ చూసింది. గదిలో బయటి నుంచి వచ్చిన వాళ్లు ఐదారుగురు ఉన్నారు, ఇస్త్రీ చొక్కాలు, ఒకరిద్దరికి టైలు. గోడవార బెంచీ మీద రుక్మిణమ్మ, మధు బూడిదరంగు కోట్లలో ఒదిగి కూర్చున్నారు. బెంచీ మీద కూర్చోమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

కాసేపటికి ఆఫీసులో పనిచేసే ఆవిడ టీ తెచ్చింది. టై కట్టినాయనకు ఇచ్చింది, చొక్కాల వాళ్లకు ఇచ్చింది, సక్కుబాయి దగ్గరకొచ్చి "తీసుకోండి మేడం" అంది. బెంచీ వైపు చూడకుండానే వెనక్కి తిరిగింది.

"వాళ్లిద్దరికి గుడ ఇయ్యమ్మా," అంది సక్కుబాయి. "వాళ్లు గుడ ఇంటర్వ్యూకే వచ్చిన్రు."

ఆవిడ నాలుక కరుచుకుని వాళ్లకూ ఇచ్చింది. మధు గ్లాసు అందుకుంటూ సక్కుబాయి వైపు చూశాడు. అప్పటిదాకా ఆమెది మొండితనం అనుకున్నట్టున్నాడు. ఆ చూపు మారింది.

ఆమెను పిలిచారు. లోపల ఇద్దరు. ఒకావిడ పేరు వేదవతి అని బల్ల మీద చెక్కపలకపై రాసి ఉంది. కోస్తా వైపు మాట. ఇంకొకాయన పేరు చెప్పలేదు, చేతిలో పెన్ను తిప్పుతూ ఉన్నాడు.

"కూర్చోండి. మీరు బయటి నుంచి వచ్చారా?" అంది వేదవతి.

"లేదు మేడం. మూడేండ్లసంది ఈడనే పనిచేస్తున్న. హౌస్‌కీపింగ్‌ల."

"అవునా? మరి మా వాళ్లు యూనిఫాంలో రమ్మని చెప్పలేదా?"

"చెప్పిన్రు."

"మరి?"

నోటికి వచ్చిందే చెప్పింది. "పని చేయనీకి వచ్చిననాడు యూనిఫాంల వస్త మేడం. ఇయ్యాల పని అడగనీకి వచ్చిన. నా బట్టలల్ల వచ్చిన."

పెన్ను తిప్పుతున్నాయన ఆపాడు. "చెప్పిన చిన్న మాట వినని మనిషివి, రేపు ఇరవై మందితో నీ మాట ఎలా వినిపిస్తావు?"

"ఎందుకో చెప్పి వినిపిస్త సార్. ఈ మాట ఎందుకో మాకు ఎవరు చెప్పలే. బయటోళ్లకు లేంది మాకెందుకో మీరు చెప్పుండ్రి. అర్థమైతె ఇప్పుడే ఇంటికి పోయి ఏసుకొస్త."

ఆయన వేదవతిని చూశాడు. వేదవతి ఆయన్ని చూసింది. ఆ ఆనవాయితీ ఎవరు పెట్టారో కూడా వాళ్లకు తెలియదని ఆ చూపుల్లోనే సక్కుబాయికి అర్థమైంది. వేదవతి ముందున్న కాగితం తిప్పి, "సరేనండి, పని సంగతి మాట్లాడుకుందాం," అంది.

అడిగినవి అడిగారు. కొన్నిటికి బాగా చెప్పింది. కంప్యూటర్ వచ్చా అంటే రాదంది. నేర్చుకుంటావా అంటే, "డిగ్రీ గీ వయసుల చదివిన, అది నేర్వలేనా?" అంది. పెన్ను సారు చివరిదాకా నవ్వలేదు.

ఉద్యోగం రాలేదు. టై కట్టుకొచ్చినాయనకు వచ్చింది. పై వారం నుంచి సక్కుబాయికి అరైవల్స్ వైపు బాత్రూముల్లోనే వరసగా డ్యూటీలు పడ్డాయి. ఒకరోజు కొండల్ లాకర్ల గదిలో అందరి ఎదుటే, ఆర్డర్ తప్పినందుకు తప్పైందని రాసియ్యమన్నాడు.

"ఏం తప్పు చేసిన్నో నువ్వు చెప్పు, నేను రాస్త."

"యూనిఫాం ఏసుకోకపోవుడు."

"సెలవునాడు చీర కట్టుకున్న. గది తప్పని నేను రాయను. నువ్వే రాసి, నువ్వే సంతకం వెట్టుకో."

ఎవరూ బయటికి పోలేదు. రుక్మిణమ్మ వచ్చి ఆమె పక్కన నిలబడింది, తర్వాత మధు. కొండల్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "జర ఆలోచించుకో అక్కా," అని బయటికి నడిచాడు. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. బాత్రూం డ్యూటీలు మాత్రం తప్పలేదు.

ఆ రోజుల్లో బాధ పడలేదంటే అబద్ధం. చీర కట్టుకుపోకుంటే ఉద్యోగం వచ్చేదేమో అని ఒకసారి కుర్మయ్యతో అంది. ఆయన "వచ్చేదేమో. వచ్చినంక, యూనిఫాంల పొమ్మన్నందుకు నువ్వు రోజు నన్ను తిడుతుంటివి," అన్నాడు. అది నిజమేననిపించి ఆమెకు నవ్వొచ్చింది.

వానాకాలంలో శ్రీశైలం రోడ్డు మీద కొత్త హోటలు తెరుస్తున్నారని, ఆడవాళ్లు సూపర్‌వైజర్లుగా కావాలంటున్నారని కవిత పేపర్లో చూసింది. సక్కుబాయి పోయింది. ఆకుపచ్చ చీర ఆరక, ఇంకో నూలుచీర, పసుపుది, కట్టుకుని పోయింది. అప్పటికి అలాంటివి మూడు కొనుక్కుంది. వాళ్లు చీర గురించి ఒక్క ముక్క అడగలేదు. ఎప్పటి నుంచి రాగలరని అడిగారు.

ఆమె రాజీనామా ఇచ్చిన నెల తర్వాత, హోటల్లో పని మీద ఉండగా రుక్మిణమ్మ ఫోను చేసింది.

"అక్కా, మల్ల ఇంటర్వ్యూలు వెట్టిన్రు. వేదవతి మేడం వచ్చి చెప్పింది, ఎవలి బట్టలల్ల వాళ్లు రావచ్చునని. ఏడుగురం పోయినం. ఒక్కరు గుడ కోటు ఏసుకోలే."

"నువ్వేం కట్టుకున్నవే?"

"నీలంది. సోమయ్య దుకాణంల తీసుకున్న. ఆ పిచ్చి మధు ఎర్రంగి ఏసుకొచ్చిండు, ఇంత పొడుగు కాలరు. కొండల్ ముఖం సూడాలె నువ్వు."

"వచ్చిందా మరి పోస్టు?"

"ఇంక చెప్పలే. రాకుంటే రాకపాయె, ఇంకోకాడ అడుగుతం," అంది రుక్మిణమ్మ. ఆమె నోట అలాంటి మాట సక్కుబాయి ఎన్నడూ వినలేదు.

పై నుంచి ఎవరో పిలిచారు. మూడో అంతస్తులో గదులు చూపించాలి, కొత్తగా చేరిన నలుగురు ఎదురుచూస్తున్నారు. "మల్ల చేస్త," అని ఫోను పెట్టేసి, తాళాల గుత్తి చేతికి తీసుకుని సక్కుబాయి మెట్లెక్కింది.