సూర్యుని పండగకు వచ్చిన ఈరన్న

రండమ్మా, గడప దగ్గర నిలబడకుండా లోపలికొచ్చి చాప మీద దగ్గరగా కూర్చోండి. నా గొంతు మునుపటిలా లేదు, దూరంగా కూర్చుంటే సగం మాటలు ఫ్యానుకే వినపడతాయి.

కరోనా తగ్గి గుళ్ళు మళ్ళీ తెరిచిన ఏడాది, వానకాలంలో, నన్ను కమలాపురం నుంచి కోడుమూరు సంఘానికి బదిలీ చేశారు. నేను చేసింది బైబిల్ ఉమన్ ఉద్యోగం. ఈ కాలంవాళ్ళకు ఆ పేరే కొత్త కాబట్టి కొంచెం చెప్పాలి. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. నాది అయిదో తరగతి. ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళు బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని కథ చెప్పాలి, పాట నేర్పాలి, కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకు ప్రార్థన అలవాటు చేయాలి. ఏ ఇంట్లో జ్వరం, ఏ ఇంట్లో పోట్లాట అన్నది సాయంత్రానికి అయ్యగారికి చేరవేయాలి. పుస్తకం తెరిచి చెప్పడం మాకు నామోషీ. అంతా నోటికి రావాలి.

హోదాల్లో అందరికన్నా పైన బిషప్పుగారు. ఆయన కింద కొన్ని సంఘాలకు పెద్ద అయిన చైర్మన్ అయ్యగారు. ఒక్కో సంఘానికి ఒక అయ్యగారు, అంటే పాస్టరు. పల్లెల్లో ఆరాధన జరిపే ఉపదేశి ఆయన కింద, ఉపదేశి కింద నేను. నా కింద గుడిగంట కొట్టే ఆయన ఉండాలి గానీ, ఆ సంగతి ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు.

కోడుమూరులో అప్పటి అయ్యగారు సామ్యూలు గారు. నా చిన్న కొడుకు వయసు, మొదటి పోస్టింగు. మంచివాడు, కష్టపడే మనిషి; చావు ఇంటికి నడినెత్తిన ఎండలోనైనా నడిచి వెళ్ళేవాడు. ఆయనకున్న అలవాటల్లా, ఏది చూసినా దాని మొదలు ఎక్కడుందో తవ్వడం. లాక్‌డౌన్‌లో గుడి మూసి ఉన్నన్నాళ్ళూ చాలా చదివాడు, ఫోనులో అంతకన్నా ఎక్కువ చూశాడు. ఆదివారం అన్న మాటలో ఆదిత్యుడున్నాడు, అది సూర్యదేవుని పేరు, కాబట్టి ప్రభువు దినం అనాలని ఒక నెలంతా చెప్పాడు. ఆటో నడిపే ప్రసాదు లేచి, "అయ్యగారూ, ప్రభువు దినం అంటే శనివారమా, సోమవారమా? బాడుగలు ఒప్పుకోవాల గదా" అని అడిగాడు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఈ ప్రసాదు భార్య పేరు ఈశ్వరి. ఈమె గురించే నేను చెప్పబోయేది. పక్క పల్లెలో ఉల్లిగడ్డ పండించే ఈరన్న కూతురు. తండ్రికి ఇష్టం లేకుండా ప్రసాదును చేసుకుంది, పెళ్ళయ్యాక బాప్తిస్మం తీసుకుని ఎస్తేరు అయింది. సంఘం పట్టీలో ఎస్తేరు, వీధిలో ఈశ్వరి. పెళ్ళి నాటి నుంచి తండ్రి మాట్లాడలేదు. ఆమెకు మగబిడ్డ పుట్టినా చూడ్డానికి రాలేదు. కొత్త విశ్వాసులను పాఠంలో పెట్టడం నా పని కనుక వారానికోసారి ఆ ఇంటికి వెళ్ళేదాన్ని. ఆమె పాఠం వినేది, పాట పాడేది, చివరికి ఒకటే అడిగేది.

"అవ్వా, మా నాయనను ఒకసారి పిలుచుకొని రాగూడదా? వాన్ని చూసిపోతే చాలు."

నేను దసరా అయ్యాక ఒకరోజు బస్సెక్కి వెళ్ళాను. ఈరన్న కళ్ళంలో ఉల్లిగడ్డలు ఆరబోస్తున్నాడు. నన్ను చూడగానే ఎందుకొచ్చానో తెలిసిపోయింది.

"దానిమీద నాకు కోపమేం ల్యాదక్కా. ఎప్పుడో పాయ," అన్నాడు. "ఊరికే పోతే ఈరన్న దిగొచ్చినాడంటారు. ఏదన్నా పండగకని పిలిస్తే, పిలిచినారు పోయినా అని చెప్పుకోవచ్చు."

"క్రిస్మస్ వస్తాంది గదప్పా. దానికే పిలుస్తుంది."

"అది మీ పండగ గదా. నేను తెల్లారితే సూర్యనారాయణునికి నీళ్ళు వదిలేటోన్ని. మీ దేవుని పండగకు ఆడ చెయ్యి కడిగితే ఊర్లో ఏమంటారు?"

చెయ్యి కడగడం అంటే భోజనానికి కూర్చోవడం. ఆ ఒక్క మాటలోనే మా వైపు చుట్టరికం నిలుస్తుంది, తెగుతుంది.

"అన్నీ ఊరోళ్ళే అంటారంటివి. వాళ్ళకు వేరే పనుల్యాదా ఈరన్నా?" అన్నాను.

ఆయన నవ్వాపుకుని ఉల్లిగడ్డలు తిరగేస్తూ, "ఆలోచన చేస్తాలే. పిల్లోడు ఎవురి పోలిక?" అని అడిగాడు. నీ ముక్కే అని చెప్పాను. నేనేం అబద్ధం చెప్పలేదు, ఆ ముక్కు ఎవరికైనా కనపడేదే.

ఆ కబురు మోసుకెళితే ఈశ్వరి ఆ రోజు నుంచే పండగ పనులు మొదలుపెట్టింది. గోడలకు సున్నం వేయించింది. గుమ్మానికి కట్టే నక్షత్రానికి వెదురు పుల్లలు తెప్పించింది. నాన్న ఆలోచన చేస్తానన్నాడంటే సగం వచ్చినట్టేనని ఆమె లెక్క.

సరిగ్గా అప్పుడు సామ్యూలు అయ్యగారు క్రిస్మస్ మొదలు తవ్వారు.

నవంబరు చివర ఉపదేశినీ, సంఘపెద్దలనూ, నన్నూ కూర్చోబెట్టి చెప్పారు. ప్రభువు ఫలానా రోజు పుట్టినట్టు వాక్యంలో, అంటే బైబిల్లో, ఎక్కడా లేదు. ఆ తేదీ పూర్వం రోము దేశంలో సూర్యుణ్ణి కొలిచేవాళ్ళ పండగ. పచ్చని చెట్టు నిలబెట్టడం చలిదేశాల అన్యుల అలవాటు. ఈస్టరుకు ఇంగ్లీషులో ఉన్న పేరు కూడా ఏదో దేవతదేనంటున్నారు, దాని సంగతి ఎండాకాలంలో చూద్దాం. ఈసారి చెట్టు వద్దు, నక్షత్రం వద్దు, కేకు వద్దు. ఆ రోజు మామూలు రోజే. ఇందులో నిజమెంతో నాకు తెలియదు. చదువుకున్నవాళ్ళలోనే దీనిమీద రెండు మాటలున్నాయని తర్వాత విన్నాను. నాకు అప్పుడు తోచింది ఒకటే. మా కోడుమూరులో సూర్యుణ్ణి ఎవరూ పండగ చేసి పిలవనక్కర్లేదు, ఆయన పిలవకుండానే వచ్చి నెత్తిన కూర్చుంటాడు.

సంఘం తీర్మానాన్ని ఇల్లిల్లూ చెప్పి రావడం నా ఉద్యోగ ధర్మం. చెప్పాను. చాలా ఇళ్ళలో కేకు పోయినందుకు బాధపడ్డారు. ఈశ్వరి మాత్రం నక్షత్రానికి రంగు కాగితం అతికిస్తూ, జిగురు చేతులతోనే ఆగిపోయింది.

"పండగే ల్యాదంటే మా నాయనను దేనికని పిలవాల అవ్వా?"

"ఇంకోరోజు పిలుద్దాంలే తల్లీ."

"ఇంకోరోజు రాడు. పండగైతేనే వస్తానన్న్యాడు గదా. మామూలు రోజని అయ్యగారే అంటే, మా నాయన ఇంగ జన్మకు రాడు." నక్షత్రం పక్కన పెట్టి, "మా అమ్మగారింటి పండగలన్నీ వదులుకొని వస్తిని. ఉన్న ఒక్కటి కూడా మాది కాదంట," అంది. ఏడవలేదు. జిగురు గిన్నె మీద మూత పెట్టేసింది.

సాయంత్రం రిపోర్టు చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా అయ్యగారికి చెప్పాను. ఆయన మనసు కష్టపడింది, అది ముఖంలో కనిపించింది. "సుందరమ్మగారూ, ఒక ఇంటికోసం నిజాన్ని వంచగలమా?" అన్నారు. ఆ ప్రశ్న తప్పని నేను అనను, అడగాల్సిందే. జవాబుకోసం నాకు తెలిసిన బైబిలు కథల్లో వెతికాను గానీ ఆ రాత్రికి ఏదీ నోటికి రాలేదు. అయ్యగారేమో, వచ్చే ఆదివారం అందరికీ అర్థమయ్యేలా ప్రసంగం చేస్తాను, విన్నాక ఆ అమ్మాయి కూడా సమాధానపడుతుందని అన్నారు.

మా గుడి మైకు గొట్టం వేపచెట్టుకు కట్టి ఉంటుంది. దాని నోరు సంఘంవైపు కాకుండా బజారువైపు తిరిగి ఉంటుంది. లోపలున్నవాళ్ళు ఎటూ వింటారు, బయటివాళ్ళు వినాలని పాతకాలంలో ఎవరో అలా కట్టారు. ఆ ఆదివారం ఈరన్న ఉల్లిగడ్డల బేరానికి కోడుమూరు వచ్చి, గుడి ఎదుట టీ అంగట్లో కూర్చుని ఉన్నాడు. అయ్యగారు గొంతెత్తి, ఈ పండగ మనది కాదు, ఇది సూర్యుని పండగ, మొదటి నుంచి సూర్యునిదే అని మళ్ళీ మళ్ళీ చెప్పారు. బజారంతా విన్నది.

ఆరాధన ముగిసి అయ్యగారు వాకిట్లో నిలబడి అందరికీ చేయి కలుపుతుండగా ఈరన్న చెప్పులు గేటు దగ్గర విడిచి లోపలికి వచ్చాడు. నేను గుర్తుపట్టి దగ్గరకు పోయేలోపే అయ్యగారిని పలకరించాడు.

"సామీ, మైకులో చెప్పిన మాట నిజమేనా? క్రిస్మస్ అనేది సూర్యునిదేనా?"

బయటి మనిషి ఒకడు తన ప్రసంగం విని లోపలికి రావడం అయ్యగారికి అదే మొదటిసారి. సంతోషంగా భుజం మీద చెయ్యి వేసి, నిజమేనని, పెద్ద పెద్ద పండితులే రాశారని, ఏ మాత్రం సందేహం వద్దని చెప్పారు.

"అట్లయితే నేను వస్తా," అన్నాడు ఈరన్న. "మా సూర్యనారాయణుని పండగే అయినప్పుడు నాకు అడ్డమేముండాది? మా ఊర్లో కూడా చెప్పుకుంటా. ఫాదరే మైకులో చెప్పినాడని."

అయ్యగారి చెయ్యి భుజం మీద నుంచి దిగింది. "లేదు లేదు, పూర్వం వాళ్ళది. ఇప్పుడు సూర్యునిది కాదు. ఎన్నో వందల ఏళ్ళుగా క్రీస్తు పేరు మీదే..." అన్నారు.

"అయితే క్రీస్తుదా?"

"క్రీస్తు పేరుమీదే జరుగుతోంది, కాని..."

"ఒక మాట మీద ఉండు సామీ. సూర్యునిదైతే నేను వస్తా. క్రీస్తుదైతే నువ్వు చెయ్యి. ఎవురిదీ కాదంటే, నా బిడ్డ నన్ను దేనికి పిలవాల?"

గంట కొట్టే ఆయన తాడు పట్టుకుని పక్కకు తిరిగి నవ్వుతున్నాడు. మీ బిడ్డ ఎవరని అయ్యగారు అడిగారు. ఈశ్వరి అక్కడే ఆడవాళ్ళ వెనక నిలబడి ఉంది, బిడ్డ చంకలో ఉన్నాడు. ఈరన్న అటు చూసి చూపు తిప్పుకున్నాడు. "పండగ నాడు చూస్తాలే" అని, వెళ్ళి చెప్పులేసుకున్నాడు. మాటంటే మాటే, ముందుగా చూసినా దిగొచ్చినట్టే ఆయన లెక్కలో.

అయ్యగారు నాతో ఆ విషయం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, నా మెట్టు నుంచి అది ఎత్తే మాట కాదు. తర్వాతి ఆదివారం ప్రకటనల్లో మూడు ముక్కలు చెప్పారు. తేదీ గురించి నేను చెప్పింది వెనక్కి తీసుకోను. చెట్టు గుడిలో వద్దు. నక్షత్రం వాక్యంలోనే ఉంది కనుక కట్టుకోండి, ఆరాధన ఎప్పటిలాగే, ఇళ్ళకు ఎవరినైనా పిలుచుకోండి. కేకు సంగతి చెప్పలేదు. చెప్పలేదు కనుక ఉన్నట్టేనని సంఘం అర్థం చేసుకుంది.

పండగ రోజు ఆరాధన అయ్యాక అయ్యగారు ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళడం ఆనవాయితీ, ఆయన వెంట నేను. ప్రసాదు ఇంటికి వెళ్ళేసరికి ఈరన్న అరుగు మీద ఉన్నాడు, పక్కన ఉల్లిగడ్డల మూట. ఇంకా లోపల అడుగు పెట్టలేదు. పెద్దలొచ్చి పిలవాలని ఆగాడని అర్థమై, నేనే పిలిచాను. లేచి, తలెత్తి సూర్యునికి ఒక దండం పెట్టి, అప్పుడు లోపలికి వచ్చాడు. అయ్యగారు చూశారు. ఆయన వెనకే తానూ లోపలికి నడిచారు.

విస్తళ్ళు వేశారు. భోజనానికి ముందు ప్రార్థన అయ్యగారే చేయాలి. ఆయన లేచి నిలబడి కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత, "నీతిసూర్యుడైన ప్రభువా" అని మొదలుపెట్టారు. అది మా ప్రార్థనల్లో క్రీస్తుకు ఎప్పటినుంచో ఉన్న పేరే, కొత్తగా కల్పించిందేమీ కాదు. కానీ ఈరన్నకు కొత్త. కళ్ళు తెరిచి, "ఆఁ, అదీ మాట" అన్నాడు పైకే. ఈశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు ఆపకుండా ప్రార్థన ముగించారు. ఆమేన్ అన్నప్పుడు అందరికన్నా గట్టిగా అన్నది ఈరన్నే.

చెంబుతో నీళ్ళు కూతురే తెచ్చి పోసింది. ఈరన్న చెయ్యి కడిగాడు. మాంసం కూరతో ఒక ముద్ద తిని, "పండగ ఎవురిదన్నా కానీ పాపా, చియ్యలకూరలో ఉప్పు తక్కువ వేసినావు" అన్నాడు. పెళ్ళయ్యాక తండ్రి ఆమెతో అన్న మొదటి మాట అది. ఆమె ఉప్పు గిన్నె తెచ్చి విస్తరి పక్కన పెట్టింది, ఆ తర్వాత బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఎడమ చేత్తో వాణ్ణి పట్టుకుని కుడి చేత్తో తింటూనే, ముక్కు వంక చూసుకున్నాడు.

తర్వాత ఎవరూ మారలేదు. ఈరన్న ఇప్పటికీ తెల్లారితే సూర్యునికి నీళ్ళు వదులుతాడు, ఏటా పండగకు వస్తాడు. సామ్యూలు అయ్యగారు ఇప్పుడు బనగానపల్లె వైపు ఉన్నారు. ఆ తేదీ తప్పేనని ఈరోజుకీ వాదిస్తారు, వాదించి, పండగ నాడు చియ్యలకూర తింటారు. నేను రిటైరయ్యాను.

ఆ ఏడాది నా పనికి సంబంధించి నేను నేర్చుకున్నది ఇది. పండగ మొదలు ఎక్కడుందో వెతకడం తప్పు కాదు, తెలుసుకున్నవాళ్ళ విశ్వాసం దానివల్ల తరిగిపోనూ లేదు. అయితే వద్దు అనే కబురు ఏదైనా ఒక ఇంటికి మోసుకెళ్ళేముందు, ఆ రోజుకోసం ఆ ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో కనుక్కోవాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా తిరిగిన ప్రతి పల్లెలోనూ ముందు అది కనుక్కుని, ఆ తర్వాతే కబురు చెప్పాను.

ఇక లేవండి, పొయ్యిమీద పనులుంటాయి మీకు. మీ ఇంటి గిన్నె నిండుగా ఉండాలి, అలిగి పోయినవాళ్ళు అన్నం వేళకు తిరిగి రావాలి, మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి.