చుక్కలాయన మూసిన రంధ్రాలు

మా మావయ్యగారు నీళ్ళ సరఫరా ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు పైపుల పని చేశారు. అక్కడ ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరూ చుక్కలాయన అనేవాళ్ళు. ఎక్కడైనా కుళాయి చుక్కచుక్కగా కారుతుంటే ఆయన కూర్చోలేరు. ఎవరింటికి వెళ్ళినా మాట మధ్యలో లేచి లోపలికి పోతారు. ఆయన తిరిగొచ్చేసరికి వాళ్ళ కుళాయి కారడం మానేసి ఉంటుంది. మొదటిసారి మా పుట్టింటికి వచ్చినప్పుడు మా అమ్మ పెట్టిన టీ చల్లారిపోయింది. వియ్యంకుడుగారు ఏరీ అని వెతికితే వంటింటి సింకు కింద కాళ్ళు మాత్రం కనిపించాయి.

మూడేళ్ళ కిందట మా అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయాయి. నోటికి మాత్రం ఏమీ కాలేదు.

"అదే అదృష్టం," అంటుంది ఆవిడ.

"ఎవరికి?" అంటారు మావయ్యగారు.

మంగళవారం, శుక్రవారం పదకొండింటికి ఆవిడకి ఫిజియోథెరపీ. అక్కడికి ఆవిడ మావయ్యగారి పాత కారులో తప్ప వెళ్ళేది కాదు. అది మా ఆయనకంటే పెద్దది. మీగడ రంగు, ముందు వైపు బల్లలాగా ఒకటే పొడుగాటి సీటు. ఆ సీటు మన మోకాళ్ళంత ఎత్తులో ఉంటుంది, తలుపు పూర్తిగా బార్లా తెరుచుకుంటుంది. షెడ్డు తలుపులు మూసేసి మావయ్యగారు ఆవిడ ముందు వంగి, ఆవిడ కుడి చేతిని తన మెడ చుట్టూ వేసుకుని, "ఒకటి, రెండు" అంటారు. రెండు అనేసరికి ఆవిడ సీటు అంచు మీద ఉంటుంది. తర్వాత రెండు కాళ్ళూ కలిపి పట్టుకుని లోపలికి తిప్పుతారు. దిగేటప్పుడు కూడా అంతే, థెరపీ సెంటరు పక్క గేటు దగ్గర, ఎవరూ లేకుండా చూసి. తనని ఎత్తడం మరో మనిషి చూడకూడదు. నన్ను కూడా సాయం పట్టనిచ్చేది కాదు. "నువ్వు పిల్లని చూసుకోమ్మా, ఈ పిల్లని ఆయన చూసుకుంటాడు," అనేది.

నేను పాపని ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేదాన్ని. మనవరాలు వెనక కూర్చుని ఏదో ఒకటి వాగుతుంటే తప్ప అత్తయ్య ఇల్లు కదిలేది కాదు. ఒకరోజు పాప చెంచా కింద పడేసింది. దానికోసం వంగి రబ్బరు చాప ఎత్తాను. చాప కింద అరచేయంత మేర నేల లేదు. తుప్పు అంచుల మధ్య నుంచి రోడ్డు వెనక్కి పరిగెడుతూ కనిపించింది.

నేను కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని. పాప పుట్టేదాకా పిల్లలకి పాఠం చెప్పాను. పాప పుట్టాక ఇంట్లో ప్రతి డబ్బా మీదా ఉన్న హెచ్చరికలు చదవడం అలవాటైంది. ఆ కన్నం చూశాక పాపని గట్టిగా పట్టుకున్నాను. ఇంటికి రాగానే అన్నాను.

"ఇది బాగయ్యేదాకా పాపని ఇందులో ఎక్కించను, మావయ్యగారూ. అత్తయ్య కాళ్ళ కింద కూడా ఇలాగే ఉందేమో చూడండి."

అత్తయ్య మాట ఎత్తగానే ఆయన లేచి షెడ్డులోకి వెళ్ళారు.

మర్నాడు బుధవారం. సీట్లు ఊడదీసి, చాపలు తీసేసి, స్క్రూడ్రైవరు పిడితో అంగుళం అంగుళం తట్టుకుంటూ కూర్చున్నారు. మంచి రేకు ఖంగుమంటుంది. పోయిన రేకు అట్టముక్కలా థప్‌మంటుంది. థప్‌మన్న చోటల్లా సుద్దముక్కతో గీత గీశారు. సాయంత్రానికి కారు నేల నిండా సుద్ద గీతలే. పాపని చంకనేసుకుని షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాను. పాత రంగులో సీసం ఉంటుంది, ఆ దుమ్ము పిల్లలకి మంచిది కాదు. ఆయనకి మూతికి మాస్కు ఇచ్చి, తడిపి రుద్దమన్నాను. ఆయన తడిపే రుద్దారు.

ఆ శుక్రవారం మానేసినా, వచ్చే మంగళవారానికి కారు కదలాలి, ఆ పై శుక్రవారానికి మళ్ళీ కదలాలి. అందుకని పాప కూర్చునే వెనక వైపుతో మొదలుపెట్టి, పని ముక్కలు ముక్కలుగా చేశారు. పుచ్చిన రేకు కోసేశారు. వీధి చివర వెల్డింగ్ అతను మిషను తోపుడుబండి మీద తెచ్చి కొత్త రేకు అతికాడు. అతుకుల మీద నేను తెప్పించిన తుప్పు మందు పూశాం. ఎర్రగా ఉన్న తుప్పు, మందు తగలగానే నల్లగా మారుతుంటే ఆయన చిన్నపిల్లాడిలా చూశారు.

"ఇదేం మాయమ్మా?"

"మాయ కాదండీ, ఫాస్ఫారిక్ ఆమ్లం. తుప్పుని గట్టి పొరగా మార్చేస్తుంది."

"అసలీ తుప్పు ఎందుకు పడుతుంది? నీ చదువు ఏమంటుంది?"

క్లాసులో వందసార్లు చెప్పినదే ఆయనకీ చెప్పాను. "ఇనుము, నీళ్ళు, గాలి, మూడూ కలిస్తేనే తుప్పు. అందులో ఒక్కటి ఆపినా చాలు మావయ్యగారూ."

ఆయన బ్రష్షుని డబ్బా అంచుకి ఆనించారు. "గాలినైతే ఎవడూ ఆపలేడు," అన్నారు. "నీళ్ళు ఆపడం నాకు వచ్చు."

రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, దాని మీద రంగు, అడుగున తారు. మొత్తం నెలన్నర పట్టింది. చివరి రోజు నన్ను పిలిచి, కారు పక్కన గోనెపట్టా వేసుకుని పడుకుని చూపించారు. ప్రతి తలుపు అడుగు అంచునా, తలుపుల కింద కారు గుమ్మంలా పొడుగునా పోయే బోలు రేకు పెట్టెకీ చిన్న చిన్న రంధ్రాలు ఉన్నాయట. అన్నీ మూసేశారు. పైపు జాయింట్లకి వాడే, రెండు ముద్దలు కలిపితే రాయిలా గట్టిపడే సీలు పిసికి, ఒక్కో రంధ్రంలో కూరి, వేలు తడి చేసుకుని నున్నగా చదును చేశారు. ముప్ఫై నాలుగేళ్ళ చేతి పని. అక్కడ ఒకప్పుడు రంధ్రం ఉండేదని కూడా తెలియదు.

"ఇరవై రెండు. కంపెనీవాడు ఎంత అజాగ్రత్తగా వదిలేశాడో చూడు. ఇందులోంచే కదా రోడ్డు మీద నీళ్ళు ఎక్కేది."

"చాలా శుభ్రంగా చేశారు మావయ్యగారూ," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. తర్వాత జరిగినదాంట్లో నా వంతు ఆ మాటలోనే ఉంది.

ఆ వర్షాకాలం కారు నేల పొడిగా ఉంది. పాపకి ఏడాదిన్నర నిండింది. అత్తయ్య ఎడమ చేతి వేళ్ళు, మూడేళ్ళుగా బిగుసుకుపోయిన పిడికిలి, కొద్దికొద్దిగా తెరుచుకోవడం మొదలెట్టాయి. ఫిజియో అమ్మాయి ఒక్కో వేలూ లాగి పట్టుకుని పదిహేను లెక్కపెట్టేది. అత్తయ్య దాన్ని తిట్టేది. అది నవ్వుతూనే లెక్కపెట్టేది.

వర్షాలు తగ్గుముఖం పట్టాక ఒక శుక్రవారం మలుపు తిరుగుతుంటే అత్తయ్య చెవి తలుపు వైపు పెట్టింది.

"ఏమయ్యా, ఈ తలుపులో ఎవరో పుక్కిలిస్తున్నారు."

"నీ నోరే అయుంటుంది."

"నా నోరైతే ఊరికే పుక్కిలించదు, ఉమ్ముతుంది కూడాను."

అందరం నవ్వాం. నేను పాప నీళ్ళసీసా మూత చూశాను. గట్టిగానే ఉంది. మూడు గదుల అవతల కుళాయి చుక్క వినిపించే మనిషికి ఆ శబ్దం వినపడకపోలేదు. ఇంటికొచ్చాక తలుపు ఊపి ఊపి విన్నారు. అడుగున అన్నీ మూసేశాను కాబట్టి నీళ్ళు పై నుంచే వస్తున్నాయని లెక్క కట్టారు. కిటికీ అద్దాల పక్క రబ్బరు పట్టీలు మార్చారు. పట్టీల అంచుల వెంట మళ్ళీ సీలు పూశారు. పైప్‌లైనులో ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే ఆయన ఎప్పుడూ చేసింది అదే. దారి వెతకడం, మూయడం.

కారు వయసు కారణంగా ఆ ఏడు ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. నెగ్గితే ఇంకో ఐదేళ్ళు రోడ్డెక్కవచ్చు, లేకపోతే లేదు. ఆయన తెల్లచొక్కా వేసుకుని బయల్దేరారు. లైట్లు వెలిగించి చూపించడానికి నేనూ వెళ్ళాను.

ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి. బ్రేకులు చూశాడు, బాగున్నాయన్నాడు. నేల చూశాడు, "బాగా కట్టించారు పెద్దాయనా," అన్నాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, అత్తయ్య ఎక్కే వైపు గుమ్మం కింద చిన్న సుత్తితో తట్టాడు. థప్‌మంది. స్క్రూడ్రైవరు మొన ఆనించి కొంచెం నొక్కాడు. రంగు పొర చిట్లింది, స్క్రూడ్రైవరు పిడిదాకా లోపలికి దిగిపోయింది. లాగేసరికి గోధుమరంగు నీళ్ళు ధారగా వచ్చి అతని బూటు తడిపేశాయి.

"కారు తెచ్చారా, కడవ తెచ్చారా?" అన్నాడు. అతని వెనక ఉన్నవాళ్ళెవరో నవ్వారు. అతను కింద వేలు పెట్టి తడిమాడు. ఎగతాళి మానేశాడు. "ఈ రంధ్రాలు ఎవరు మూశారు?"

"నేనే."

"అయ్యో. ఇవి కావాలనే పెట్టినవండీ. కిటికీ అద్దం వెంబడి వాన నీళ్ళు తలుపులోకి దిగుతాయి, ముందు అద్దం కింద ఉన్న జాలీలోంచి ఈ పెట్టెలోకి దిగుతాయి. ఏ కారైనా అంతే. కిందనించి పోవాలి. మీరు పోయే దారి మూసేశారు."

మావయ్యగారు కారుతున్న ఆ నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు. జీవితంలో మొదటిసారి కారుతున్న చోట ఆయన చెయ్యి పెట్టలేదు.

గుమ్మం పెట్టె, తలుపు కీళ్ళు బిగించే స్తంభం, రెండు వైపులా లోపలినించి పుచ్చిపోయాయి. పరీక్ష తప్పింది. కారుని లాగించుకుని తెచ్చుకున్నాం. వెల్డింగ్ అతను వచ్చి చూసి, వేలితో గిల్లితే రేకు పెచ్చులుగా రాలింది.

"అతకాలంటే పక్కన మంచి ఇనుము ఉండాలి కదా. దేనికి అతకను బాబాయ్?"

అతను వెళ్ళిపోయాక మావయ్యగారు తలుపుల అడుగున సీలు ముద్దల్ని ఉలితో ఒక్కొక్కటే పగలగొట్టారు. ఎందుకో ఆయనకే తెలియాలి. నేను గుమ్మంలో నిలబడి అన్నాను.

"నా వల్లే మావయ్యగారూ. నీళ్ళు ఆపితే చాలన్నాను. నీళ్ళు లోపలే ఉండిపోతాయని నాకు తట్టలేదు. చదువుకున్నదాన్ని, నాకు తట్టాలి."

ఆయన తల ఎత్తలేదు. "నువ్వు చెప్పింది పుస్తకంలో ఉన్నదేనమ్మా. మూసింది నా చెయ్యి." ఇంకో ముద్ద పగిలింది. "మీ అత్త చెప్పింది. విన్నాను కూడా."

నన్ను తిడితే బాగుండేదనిపించింది.

మంగళవారం టాక్సీ పిలిచాం. ఎత్తు బండి వచ్చింది. అత్తయ్య చక్రాల కుర్చీలోంచి ఆ మెట్టుని చూసింది, డ్రైవరుని చూసింది.

"ఆ అబ్బాయిని అటు తిరగమను," అంది.

డ్రైవరు మర్యాదగా రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. మావయ్యగారు వంగి "ఒకటి, రెండు" అన్నారు. ఆవిడ లేచింది కానీ సీటు అందలేదు. ఇద్దరూ అలాగే గాల్లో ఆగిపోయారు. నేను పాపని ఇంటి మెట్టు మీద దించి పరిగెత్తి వెనకనించి పట్టుకున్నాను. ఈలోగా చప్పుడు విని డ్రైవరు కూడా తిరిగాడు. "ఉండండి అమ్మగారూ," అని ఆవిడ చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున ఎక్కించేశాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. సెంటరుదాకా పాప ఎంత వాగినా పలకలేదు.

శుక్రవారం తల నొప్పిగా ఉందంది. ఆ పై మంగళవారం ఏ నొప్పీ చెప్పలేదు. "నేను రాను, ఇంక అడక్కండి," అంది.

ఇంటికొచ్చి చేయించే ఫిజియో కోసం అడిగాం. ఆ సెంటరులో అలాంటి ఏర్పాటు లేదు. మా ఆయన వాళ్ళమ్మతో తగువు పెట్టుకున్నాడు, బతిమాలాడు. నేను పక్షవాతం మీద దొరికిన కాగితాలన్నీ చదివి, సాగదీయడం ఆపేస్తే కండరాలు ఎన్ని వారాల్లో మళ్ళీ బిగుసుకుంటాయో అత్తయ్యకి చెప్పాను. ఆవిడ అన్నీ విని, పాపకి జడ వెయ్యమంది.

ఫిజియో అమ్మాయి వ్యాయామాలు కాగితం మీద రాసిచ్చింది. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం పదకొండింటికి మావయ్యగారు ఆవిడ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటారు. ఆవిడ ఎడమ పిడికిలిని ఒళ్ళో పెట్టుకుని, పెద్ద పెద్ద నట్లు విప్పిన చేతులతో చిన్నగా చిటికెనవేలు పట్టి లాగుతారు. పైకే లెక్కపెడతారు. పదిహేను దాకా పట్టుకోవాలని కాగితంలో ఉంది. వంటింట్లోకి నాకు వినిపిస్తుంది. ఆరు, ఏడు. ఆవిడ "అబ్బా, చాల్లే" అంటుంది.

ఫిజియో అమ్మాయి అయితే ఆపేది కాదు. ఆయన ఆపేస్తారు.